పైలట్ చదువుకు విమానాశ్రయంతో పొత్తు: ఒప్పందంలో రాసేదేమిటి, రాయకుండా వదిలేదేమిటి

విమానం నడపడం నేర్పడానికి విమానం కావాలి, నేర్పే మనిషి కావాలి, రన్‌వే కావాలి. మొదటి రెండూ డబ్బు పెడితే దొరుకుతాయి. రన్‌వే మాత్రం అలా దొరకదు. కొత్తగా ఒకటి కట్టాలంటే వందల ఎకరాలు, అనుమతులు, ఏళ్ల తరబడి ఓపిక కావాలి. మరోవైపు రోజుకు నాలుగైదు ప్రయాణికుల విమానాలు తప్ప పెద్దగా సందడి లేని ప్రాంతీయ విమానాశ్రయాలు చాలా ఉన్నాయి. రన్‌వే ఉంటుంది, చుట్టూ ఖాళీ నేల ఉంటుంది, ఆదాయం మాత్రం అంతంతమాత్రం. పైలట్ కోర్సు నడపాలనుకునే యూనివర్సిటీ, వాడకం పెంచుకోవాలనుకునే విమానాశ్రయం కలిస్తే ఇద్దరికీ లాభమే కదా అనిపిస్తుంది. చాలాచోట్ల నిజంగానే లాభం. కానీ ఈ ఒప్పందాలు ఎక్కడ బెడిసికొడతాయో గమనిస్తే ఒక విషయం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఎకరాలు, హ్యాంగర్లు (విమానాలు నిలిపే షెడ్లు), అద్దె గురించి పేజీలకు పేజీలు రాసుకుంటారు. రెండు పక్షాలూ రోజూ పంచుకునే రన్‌వే సమయం గురించి మాత్రం ఒక పేరాతో సరిపెడతారు.

ఈ ఏర్పాటు ఎక్కువగా వేళ్లూనుకున్నది అమెరికాలో. నియమాలు వివరంగా ఉన్నదీ, మంచిచెడ్డలు రెండూ బయటపడ్డదీ అక్కడే కాబట్టి ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే.

యజమాని ఎవరు?

మొట్టమొదట తేల్చుకోవాల్సింది విమానాశ్రయం ఎవరిదన్నది. ఇండియానాలోని పర్‌డ్యూ యూనివర్సిటీ 1934లోనే సొంత విమానాశ్రయం తెరిచింది. అమెరికాలో ఒక యూనివర్సిటీకి చెందిన తొలి విమానాశ్రయం అదే. ఒహాయో స్టేట్, ఆబర్న్, ఓక్లహోమా యూనివర్సిటీలదీ ఇదే దారి. బ్రిటన్‌లో క్రాన్‌ఫీల్డ్ యూనివర్సిటీ పాత వైమానిక దళ స్థావరంలో పుట్టింది, అక్కడి విమానాశ్రయం ఇప్పటికీ దానిదే. ఈ పద్ధతిలో పేచీ తక్కువ, బరువు ఎక్కువ. గడ్డి కోయించడం, మంచు తీయించడం, రన్‌వే మీద కొత్త పొర వేయించడం, కంచె చూసుకోవడం అన్నీ చదువు చెప్పే సంస్థ నెత్తినే పడతాయి.

రెండో పద్ధతిలో విమానాశ్రయం నగరానిదో, కౌంటీదో (జిల్లా లాంటిది), ప్రత్యేక అథారిటీదో అయి ఉంటుంది. యూనివర్సిటీ కౌలుదారు. నార్త్ డకోటా యూనివర్సిటీకి గ్రాండ్ ఫోర్క్స్‌తో ఉన్న సంబంధం ఇదే. మిషిగన్‌లోని వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ 1997లో తన విమానయాన విభాగాన్ని కలమజూ నుంచి పక్క ఊరైన బ్యాటిల్ క్రీక్ విమానాశ్రయానికి తరలించింది. కౌలుదారుకు ఇంకో ఊరు వెతుక్కునే వీలుంటుందని, విమానాశ్రయాలు యూనివర్సిటీల కోసం పోటీ పడగలవని ఆ తరలింపు చూపించింది.

మూడో పద్ధతి బయటివాళ్లకు అంతగా కనపడదు. డిగ్రీ యూనివర్సిటీది, విమానాలు మాత్రం విమానాశ్రయంలో ఉన్న ప్రైవేటు శిక్షణ సంస్థవి. క్లాసులు క్యాంపస్‌లో, ఎగరడం సంస్థ దగ్గర. పెట్టుబడి తక్కువ కాబట్టి చిన్న కాలేజీలు దీనికే మొగ్గు చూపుతాయి. విద్యార్థి ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిందీ ఇక్కడే. ఎందుకో తెలియాలంటే ముందు గంటల లెక్క తెలియాలి.

డిగ్రీ విలువ 500 గంటలు

2009 ఫిబ్రవరి 12న కోల్గన్ ఎయిర్ విమానం బఫెలో దగ్గర ఒక ఇంటి మీద కూలి 50 మంది చనిపోయారు. ఆ ప్రమాదం తర్వాత అమెరికన్ కాంగ్రెస్ 2010లో చట్టం చేసింది. దాని ప్రకారం 2013 నుంచి ఎయిర్‌లైన్‌లో కో పైలట్‌గా చేరాలన్నా మామూలుగా 1,500 గంటలు ఎగిరి ఉండాలి. ఆ విమానంలోని పైలట్లిద్దరికీ అంతకు మించిన అనుభవమే ఉంది. గంటలు పెంచితే భద్రత పెరుగుతుందా అన్న వాదన అందుకే ఇప్పటికీ తెగలేదు.

చట్టం ఒక సడలింపు ఇచ్చింది. గుర్తింపు పొందిన సంస్థలో విమానయాన డిగ్రీ చేసి, అందులో 60 క్రెడిట్లు విమానయాన సబ్జెక్టులవే అయితే 1,000 గంటలు చాలు. 30 క్రెడిట్లయితే 1,250. అంటే డిగ్రీ చేతిలో ఉంటే 500 గంటలు కలిసొస్తాయి. డిగ్రీ పూర్తయ్యేసరికి చాలామంది దగ్గర 200, 250 గంటలే ఉంటాయి. మిగతావి సంపాదించడానికి ఎక్కువమంది చేసేది తామే ఇన్‌స్ట్రక్టర్లుగా చేరడం. ఆ పనిలో 500 గంటలంటే ఉజ్జాయింపుగా ఏడాది. ఎయిర్‌లైన్‌లో ఒక ఏడాది ముందు చేరినవాళ్లు జీవితాంతం సీనియారిటీలో ముందుంటారు. పైలట్ కోర్సుకు యూనివర్సిటీ పేరు అంతగా ఎందుకు కావాలో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇక మూడో పద్ధతి దగ్గరికి వద్దాం. ఈ సడలింపు దక్కాలంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనపడకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత), కమర్షియల్ లైసెన్స్ శిక్షణ ఫెడరల్ విమానయాన నియంత్రణ సంస్థ, అంటే ఎఫ్‌ఏఏ, ఆమోదించిన 'పార్ట్ 141' పాఠ్యక్రమం కింద జరగాలి. అదీ యూనివర్సిటీలోనే, లేదా యూనివర్సిటీతో అధికారిక శిక్షణ ఒప్పందం ఉన్న సంస్థలోనే. చౌకగా వస్తుందని, త్వరగా అయిపోతుందని సెలవుల్లో ఊళ్లో ఇంకో స్కూల్లో ఆ రేటింగ్ తెచ్చుకుంటే లైసెన్స్ వస్తుంది గానీ 500 గంటల సడలింపు పోయే ప్రమాదం ఉంది. యూనివర్సిటీకి, శిక్షణ సంస్థకు చెడి ఒప్పందం మధ్యలో రద్దయితే ఇదే ఇబ్బంది ఏ తప్పూ చేయని విద్యార్థి నెత్తిన పడుతుంది. ప్రవేశాల బ్రోషర్లలో ఈ మాట పెద్ద అక్షరాలతో ఉండాలని నా అభిప్రాయం.

వంద మంది విద్యార్థులంటే ఎంత పని?

ఒక చిన్న లెక్క వేద్దాం. ఏటా 100 మందిని చేర్చుకునే కోర్సు అనుకోండి. పార్ట్ 141 కింద కమర్షియల్ లైసెన్స్ దాకా కనీసం 190 గంటలు. మామూలుగా ఇంకొంచెం ఎక్కువే అవుతుంది కాబట్టి తలా 200 అనుకుందాం. కోర్సు స్థిరపడ్డాక ఏడాదికి 20,000 గంటల ఎగురుడు. ఒక్కో విమానం ఏడాదికి 800 గంటలు తిరిగితే 25 విమానాలు కావాలి.

శిక్షణకు అద్దెకిచ్చే విమానాన్ని ప్రతి 100 గంటలకోసారి విప్పి చూడాలన్నది నియమం. 25 విమానాలకు ఏడాదికి 200 తనిఖీలు, అంటే వారానికి నాలుగు. ఏ రోజు చూసినా ఒకటి రెండు విమానాలు హ్యాంగర్‌లో కవర్లు విప్పి ఉంటాయన్నమాట. ఇవి ముందే తెలిసిన పనులు. టైరు అరగడం, రేడియో మొరాయించడం, విద్యార్థి కాస్త గట్టిగా దింపితే ల్యాండింగ్ గేర్ చూడాల్సి రావడం దీనికి అదనం. ఒప్పందాల్లో సిమ్యులేటర్ గదికి, అద్దాల భవనానికి దక్కే శ్రద్ధ మెకానిక్‌లకు, వాళ్ల హ్యాంగర్‌కు దక్కదు. 25 విమానాలు కొని పదిహేను మాత్రమే ఎగిరే స్థితిలో ఉంటే విద్యార్థులు నెలల తరబడి వెనకబడతారు. ఒక్కో సెమిస్టర్ పెరిగేకొద్దీ అప్పు పెరుగుతుంది.

శిక్షణ విమానం పడే శ్రమ వేరు. 2018 ఏప్రిల్‌లో ఎంబ్రీ రిడిల్ యూనివర్సిటీకి చెందిన పైపర్ యారో అనే చిన్న శిక్షణ విమానం డేటోనా బీచ్‌లో పైకి లేచిన కాసేపటికే ఎడమ రెక్క ఊడి కూలిపోయింది. విద్యార్థి, పరీక్షకుడు ఇద్దరూ మరణించారు. రెక్కను పట్టి ఉంచే ప్రధాన దూలంలో లోహం అలసిపోయి పగులు వచ్చిందని దర్యాప్తులో తేలింది. ఆ విమానం ఎగిరింది సుమారు 7,700 గంటలు. దిగింది మాత్రం 33 వేలకు పైగా సార్లు. గంటకు నాలుగు ల్యాండింగులకు మించిన లెక్క ఇది. గాలి ఎక్కువగా కుదిపే తక్కువ ఎత్తులోనే తిరుగుతూ, మళ్లీ మళ్లీ దిగుతూ బతికే విమానాల రెక్కలను ప్రత్యేక పరికరాలతో పరీక్షించాలని ఆ తర్వాత ఎఫ్‌ఏఏ ఆదేశించింది. గంటల మీటరు ఒక్కటే చూసి ఈ విమానాల వయసు అంచనా వేయకూడదని ఆ ఘటన చూపించింది.

విమానాశ్రయానికి ఏం మిగులుతుంది?

యూనివర్సిటీ వస్తే విమానాశ్రయం దశ తిరుగుతుందని స్థానిక నాయకులు చెబుతుంటారు. ఊరికి ఉద్యోగాలు వస్తాయి, అద్దె ఇళ్లకు గిరాకీ వస్తుంది, నిజమే. విమానాశ్రయం ఖాతాలోకి నేరుగా ఎంత వస్తుందన్నది వేరే ప్రశ్న.

చిన్న విమానాలకు చాలాచోట్ల ల్యాండింగ్ రుసుము ఉండదు. ఆదాయం ప్రధానంగా నేల కౌలు, హ్యాంగర్ అద్దె, అమ్ముడైన ఇంధనం మీద గాలనుకు ఇన్ని సెంట్లని వసూలు చేసే రుసుము. మన లెక్కలోని 20,000 గంటలకు గంటకు 35 లీటర్ల చొప్పున ఏడు లక్షల లీటర్లు, అంటే లక్షా 85 వేల గాలన్లు ఖర్చవుతాయి. గాలనుకు పది సెంట్లు అనుకున్నా ఏడాదికి 18,500 డాలర్లే. రన్‌వే మీద కొత్త పొర వేయించడానికి అయ్యే లక్షల డాలర్ల ముందు ఇది ఏ మూలకు?

ఇంకో చిక్కు. ఫెడరల్ సాయం ప్రయాణికుల లెక్క మీద నడుస్తుంది. ఏడాదికి 10,000 మందికి మించి విమానం ఎక్కితే ఆ విమానాశ్రయానికి ఏటా లక్షల డాలర్ల నిధి ఖాయంగా వస్తుంది. శిక్షణ విమానాలు ఎన్ని వేల సార్లు లేచినా ఈ లెక్కలో సున్నా. అయితే కంట్రోల్ టవర్ ఖర్చు ప్రభుత్వం భరించాలా వద్దా అని తేల్చేటప్పుడు టేకాఫ్‌లు, ల్యాండింగులు లెక్కకొస్తాయి. రన్‌వేను తాకి ఆగకుండా మళ్లీ లేచే టచ్ అండ్ గో ఒక్కదాన్ని రెండుగా లెక్కిస్తారు. కాబట్టి యూనివర్సిటీ వల్ల విమానాశ్రయానికి డబ్బు పెద్దగా రాకపోయినా టవర్ నిలబడొచ్చు. ఆ టవర్ ఉండటం వల్ల ఎయిర్‌లైన్లు, అంబులెన్స్ విమానాలు, వ్యాపార జెట్‌లు ధైర్యంగా వస్తాయి. ఈ లాభం బ్యాలెన్స్ షీట్‌లో ఒక పద్దుగా కనపడదు కాబట్టి చర్చల్లో మరుగున పడిపోతుంది.

ఫెడరల్ డబ్బు తీసుకున్న విమానాశ్రయానికి కొన్ని కట్టుబాట్లు కూడా ఉంటాయి. ఒక్కరికే ప్రత్యేక హక్కు ఇవ్వకూడదు. న్యాయమైన షరతుల మీద అందరికీ చోటివ్వాలి. విమానాశ్రయం ఆదాయం విమానాశ్రయానికే ఖర్చవ్వాలి. కాబట్టి 'మేమే ఇక్కడ ఏకైక ఫ్లయింగ్ స్కూల్‌గా ఉండాలి' అని యూనివర్సిటీ అడిగినా విమానాశ్రయం ఒప్పుకునే వీలు లేదు. యూనివర్సిటీకి అద్దె తగ్గించవచ్చా? ఎఫ్‌ఏఏ 1999లో ప్రకటించిన విధానం ఇక్కడ కొంత వెసులుబాటు ఇచ్చింది. గుర్తింపు పొందిన విద్యాసంస్థల విమానయాన కోర్సులకు, వాటివల్ల విమానాశ్రయానికి గానీ పౌర విమానయానానికి గానీ ఒరిగే మేలుకు తగినంత మేర అద్దె తగ్గించవచ్చు. ఎంత మేలుకు ఎంత తగ్గింపు అన్నది కాగితం మీద చూపగలగాలి. 'మన ఊరి యూనివర్సిటీ కదా' అని డాలరుకు రాసిచ్చేస్తే తర్వాత తనిఖీలో సమాధానం చెప్పుకోవడం కష్టం.

అసలు సరుకు రన్‌వే సమయం

గాలి నెమ్మదిగా ఉన్న ఒక ఉదయం, ఒకే రన్‌వే ఉన్న విమానాశ్రయాన్ని ఊహించుకోండి. ఐదు సెస్నాలు, అంటే చిన్న శిక్షణ విమానాలు, సర్క్యూట్‌లో ఉన్నాయి. లేచి, ఎడమకు తిరిగి, వెయ్యి అడుగుల ఎత్తున రన్‌వేకి సమాంతరంగా వెనక్కొచ్చి, మళ్లీ రెండు మలుపులు తిరిగి దిగడం. ఒక్కో చుట్టుకు ఆరు నిమిషాలు. గంటకు ఒక్కొక్కటి పది చొప్పున 50 టచ్ అండ్ గోలు, టవర్ లెక్కలో 100. ఈలోగా 70 సీట్ల జెట్ వస్తోంది. అది దిగే వేగం గంటకు దాదాపు 240 కిలోమీటర్లు, సెస్నాది 120. ఐదు నాటికల్ మైళ్ల దూరం నుంచి జెట్ రెండు నిమిషాల్లో చిల్లరకు రన్‌వే చేరుతుంది. సెస్నాకు నాలుగున్నర నిమిషాలు పడుతుంది. కాబట్టి జెట్‌కు బాగా ముందే దారి ఖాళీ చేయాలి. కంట్రోలర్ ఒక విద్యార్థిని ఇంకా ముందుకు వెళ్లి ఆలస్యంగా మలుపు తీసుకోమంటాడు, ఇంకొకరిని ఉన్నచోటే గుండ్రంగా తిరగమంటాడు, మూడో విమానాన్ని నేల మీదే ఆపుతాడు. అందులో ఒకరు మొన్ననే మొదటిసారి ఒంటరిగా ఎగిరిన కుర్రవాడైతే, రేడియోలో వరసగా వస్తున్న ఆదేశాలు అర్థం చేసుకుంటూ విమానాన్ని అదుపులో పెట్టుకోవడం ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు.

ఇలా ఆగిన ప్రతి నిమిషం విద్యార్థి ఖాతాలోంచి పోతుంది. శిక్షణ విమానం అద్దె ఇంజిన్ తిరిగినంతసేపూ నడుస్తూనే ఉంటుంది. రన్‌వే చివర పదిహేను నిమిషాలు వరసలో నిలబడ్డా డబ్బు కట్టాల్సిందే, నేర్చుకునేది మాత్రం ఏమీ ఉండదు.

గ్రాండ్ ఫోర్క్స్‌లో దీనికి సమాధానం కాంక్రీటులోనే ఉంది. ప్రయాణికుల విమానాలు వాడే పెద్ద రన్‌వేకి సమాంతరంగా చిన్న విమానాల కోసం దాదాపు 3,900 అడుగుల రన్‌వే ఉంది. అడ్డగాలి వీస్తే వాడుకోవడానికి వేరే దిశలోనూ రన్‌వే ఉంది. ఎయిర్‌లైన్ సర్వీసులు కొద్దిగానే ఉన్నా టేకాఫ్‌లు, ల్యాండింగుల సంఖ్యలో దేశంలోనే బాగా రద్దీ విమానాశ్రయాల సరసన అది నిలబడటానికి కారణం యూనివర్సిటీయే. ఇంత సదుపాయం లేనిచోట ఒప్పందంలో కొన్ని మాటలైనా ఉండాలి. ఒకేసారి సర్క్యూట్‌లో ఎన్ని విమానాలు ఉండొచ్చు? ఎయిర్‌లైన్ రాకపోకల వేళల్లో శిక్షణ విమానాలు ఏ పొరుగు విమానాశ్రయానికి వెళ్లి అభ్యాసం చేయాలి? అక్కడికి వెళ్లొచ్చే ఖర్చు ఎవరిది? టవర్ మూసే వేళ తర్వాత రాత్రి శిక్షణ ఉంటుందా? విద్యార్థుల సంఖ్య రెట్టింపైతే రెండో రన్‌వేకి, కనీసం సమాంతర ట్యాక్సీవేకి (విమానాలు నేల మీద నడిచే దారికి) డబ్బు ఎవరు తెస్తారు? నన్నడిగితే అద్దె అంకె కంటే ముందు ఈ చివరి ప్రశ్న తేలాలి. కోర్సుకు ఆదరణ పెరిగితే సీట్లు పెంచడం యూనివర్సిటీ చేతిలో పని. రన్‌వే పెంచడం ఎవరి చేతిలోనూ వెంటనే జరిగే పని కాదు.

పొరుగువాళ్లు

చిన్న విమానం శబ్దం జెట్ అంత పెద్దదేం కాదు. జెట్ ఒకసారి వెళ్లిపోతుంది, శిక్షణ విమానం ఆరు నిమిషాలకోసారి అదే ఇంటి మీదుగా వస్తుంది. చాలా ఫిర్యాదులు ఈ తిరిగిరావడం గురించే. 1990 నాటి శబ్ద నియంత్రణ చట్టం విమానాశ్రయాలు తమంతట తాము కొత్త ఆంక్షలు పెట్టడాన్ని బాగా కష్టతరం చేసింది. అందుకే ఎక్కువచోట్ల మిగిలేది స్వచ్ఛందంగా కుదుర్చుకునే నియమాలు: ఇళ్లు తక్కువున్న వైపు సర్క్యూట్, ఆదివారం ఉదయాలు విరామం, రాత్రి ఫలానా గంట తర్వాత టచ్ అండ్ గోలు వద్దు అని. వందల విమానాల యజమానులతో కన్నా ఒక్క యూనివర్సిటీతో ఇలాంటి మాట కుదుర్చుకోవడం తేలిక. దాని ఇన్‌స్ట్రక్టర్లందరూ ఒకే రూల్‌బుక్ పాటిస్తారు. ఈ సౌలభ్యాన్ని మొదటిరోజే వాడుకోవాలి, ఫిర్యాదులు కోర్టు దాకా వెళ్లాక కాదు.

సీసం సంగతి దీనికంటే బరువైనది. పిస్టన్ ఇంజిన్ విమానాలు వాడే 100ఎల్ఎల్ పెట్రోలులో లీటరుకు అర గ్రాముకు మించి సీసం ఉండొచ్చు. ఈ సీసం ప్రజారోగ్యానికి ప్రమాదమని అమెరికా పర్యావరణ సంస్థ 2023 అక్టోబరులో అధికారికంగా నిర్ధారించింది. నార్త్ డకోటా యూనివర్సిటీ అదే ఏడాది వేసవిలో తన విమానాలను సీసం లేని యూఎల్94కు మార్చింది. కొన్ని నెలలకే ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు (పొగ బయటికి వదిలే కవాటం ఆనుకునే భాగాలు) అరుగుతున్నట్టు మెకానిక్‌లు గమనించారు. అక్టోబరు చివర్లో మళ్లీ పాత ఇంధనానికి మారాల్సి వచ్చింది. ఆ ప్రయత్నం వృథా అనను. రోజూ అన్ని గంటలు ఎగురుతూ, ప్రతి ఇంజిన్ కొలతలూ రాసిపెట్టే యూనివర్సిటీ కాబట్టే ఆ అరుగుదల అంత తొందరగా బయటపడింది. ఇప్పుడు 20, 30 ఏళ్ల లీజు మీద సంతకం పెట్టేవాళ్లు ఈ మధ్యలో ఇంధనం మారి తీరుతుందని గుర్తుంచుకోవాలి. కొత్త ట్యాంకు ఎక్కడ, ఖర్చు ఎవరిది, మార్పు కాలంలో రెండు రకాలూ అమ్ముతారా అన్నది ఒప్పందంలో ఉండాలి.

విడిపోయే రోజు

నేల లీజుల్లో సాధారణంగా ఒక షరతు ఉంటుంది: గడువు తీరాక ఆ నేల మీద కట్టిన భవనాలు విమానాశ్రయానికి చెందుతాయి. 30 ఏళ్ల లీజులో 20వ ఏట యూనివర్సిటీ కొత్త హ్యాంగర్ కట్టాలనుకుంటే, పదేళ్ల తర్వాత తనది కాకుండా పోయే దాని మీద ఎవరు పెట్టుబడి పెడతారు? అందుకే పెద్ద ఖర్చు పెట్టినప్పుడల్లా గడువు పొడిగించే ఏర్పాటు మొదట్లోనే పెట్టుకోవడం మంచిది.

యూనివర్సిటీయే చాలించుకుంటే? ఇల్లినాయ్ యూనివర్సిటీకి సొంత విమానాశ్రయమే ఉంది, విల్లార్డ్. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల నుంచీ నడిచిన విమానయాన శిక్షణ సంస్థా ఉండేది. అయినా 2011లో ఖర్చుల లెక్కలు చూసుకుని ఆ శిక్షణ సంస్థను మూసేయాలని ట్రస్టీలు నిర్ణయించారు. తర్వాత అదే ఊళ్లోని పార్క్‌ల్యాండ్ కాలేజీ ఆ శిక్షణను చేపట్టింది కాబట్టి రన్‌వే మీద సందడి ఆగలేదు. అలా అందుకునే చెయ్యి ప్రతి ఊళ్లో ఉండదు. దీనికి వ్యతిరేక దిశలోనూ జరుగుతుంది. టెనెసీలోని మిడిల్ టెనెసీ స్టేట్ యూనివర్సిటీ కోర్సు పెరిగి పెరిగి మర్‌ఫ్రీస్‌బరో విమానాశ్రయంలో చోటు చాలక, షెల్బీవిల్ విమానాశ్రయానికి మారేందుకు పూనుకుంది.

కారణం ఏదైనా కోర్సు మధ్యలో ఉన్న విద్యార్థి పరిస్థితి ఒక్కటే. చరిత్ర చదివే విద్యార్థి క్రెడిట్లు తీసుకుని ఇంకో కాలేజీలో చేరగలడు. పైలట్ విద్యార్థి లాగ్‌బుక్‌లో గంటలు ఉంటాయి గానీ, ఒక పార్ట్ 141 స్కూల్లో సగం చేసిన కోర్సును ఇంకో స్కూల్ ఎంత మేర లెక్కలోకి తీసుకోవచ్చన్న దానికి పరిమితులు ఉన్నాయి. కొంత మళ్లీ ఎగరాలి, మళ్లీ కట్టాలి. అందుకే విడిపోయే షరతుల్లో మొదటిది ఇలా ఉండాలంటాను: నోటీసు ఇచ్చిన రోజుకు చేరి ఉన్న ప్రతి విద్యార్థీ తన కోర్సు ముగించే దాకా విమానాలు, ఇన్‌స్ట్రక్టర్లు, హ్యాంగర్ అక్కడే ఉంటాయి, అందుకు కావాల్సిన డబ్బు ముందే విడిగా పక్కన పెట్టి ఉంటుంది. లీజు మీద విద్యార్థి సంతకం ఉండదు. అతని తరఫున ఆ వాక్యం రాయాల్సింది సంతకం పెట్టే ఇద్దరే.